మగ్గం అమ్మి కొన్న బొమ్మల పుస్తకం

మా అన్న ఆ బొమ్మల పుస్తకాలు ఇంట్లోకి తెచ్చిన రోజు నుంచీ నాకు వాటి మీద ఒళ్ళుమంట. మొహానికి ముసుగు, ప్యాంటు మీద చెడ్డీ, వీపున దుప్పటి, ఆకాశంలో ఎగరడం! మా వీధి పిల్లలు చూసి పడీపడీ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఏదో కీడు జరగబోతుందని ఊరికే భయం వేసేది.

తొంభైల్లో మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. నాయన చీరలు నేసేవాడు. అన్న పట్టుదారం కోసం హిందూపురం పోయేవాడు. అక్కడ పాత కాగితాలు, ఇనుము తూకానికి కొనే గుజిరీ అంగడి ఒకటుండేది. బెంగళూరు నుంచి వచ్చే చిత్తుకాగితాల మూటల్లో అమెరికా బొమ్మల పుస్తకాలు కూడా కలిసి వచ్చేవి. అన్న మొదట సరదాకు తెచ్చాడు. తర్వాత పిచ్చి పట్టింది. మా ఊళ్ళో నెట్ సెంటర్లు వచ్చాక ఆ పిచ్చి కాస్తా వ్యాపారం అయింది. ఒక వీరుడు మొట్టమొదట కనిపించిన సంచిక, పాతదై, మచ్చ లేకుండా ఉంటే ఇల్లు కట్టుకునేంత ధర పలుకుతుందని కంప్యూటర్లో చూసొచ్చాడు.

"స్థలం కొన్నట్లు పాపా ఇది. పెట్టి మర్సిపోవాల. దాని పాటికదే పెరుగుతాది" అన్నాడు నాతో.

"స్థలంలో గొర్రెలన్నా మేస్తాయి కదన్నా. దీంట్లో ఏం మేస్తాయి, చెదలా?" అన్నాను. పకపకా నవ్వాడే గానీ వినలేదు.

నాకు పెళ్ళై పెనుకొండ వచ్చేశాక, అలాంటి తొలి సంచిక ఒకటి బెంగళూరులో ఎవరి దగ్గరో ఉందని అన్నకు తెలిసింది. ఇంట్లో అమ్మదగ్గ వస్తువు మగ్గం ఒక్కటే. నాయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "వాడు సదువుకున్నోడు, వానికి తెలుస్తాది లే" అన్నాడు. మగ్గం పోయింది, పుస్తకం వచ్చింది. నాయన పక్కింటివాళ్ళ మగ్గం మీద కూలికి నేయడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సొంత మగ్గం మీద కూర్చున్న మనిషి, ఇంకొకరి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే చూడలేక నేను ఆ ఇంటి వైపు పోయేదాన్ని కాదు. పుస్తకం అమ్మిన మరుసటి వారమే మగ్గం మళ్ళీ అదే చోట బిగిస్తానని అన్న నాయనకు మాటిచ్చాడు.

మా ఇంట్లో మగ్గం గుంత మాత్రం అలాగే ఉండిపోయింది. దాని మీద పలకలు పరిచి, వాటి మీద ఇనప పెట్టె పెట్టి, అందులో పుస్తకాలన్నీ దాచాడు అన్న. ప్రతిదానికీ ప్లాస్టిక్ కవరు, లోపల అట్ట. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆ పెట్టె వైపు చూడకుండా అన్నం తినడానికి ప్రయత్నించేదాన్ని. గుంతలో నుంచి తేమ వాసన వచ్చేది.

కొన్నేళ్ళకు బెంగళూరులో కొనే మనిషి దొరికాడు. ఆయన్ను వెంటబెట్టుకుని రావడానికి అన్న వెళ్ళాడు. ఆ వారమంతా ముసురు. మా సీమలో వాన పడితే అందరికీ పండగే, నాకు మాత్రం ఆ గుంత మీది పెట్టే గుర్తొచ్చేది. వాళ్ళొచ్చే రైలునే నేను పెనుకొండలో ఎక్కాను.

కొనడానికి వచ్చినాయన మంచి మనిషే. ఒళ్ళో సంచి, సంచిలో తెల్ల గుడ్డ చేతితొడుగులు, భూతద్దం. దారిపొడవునా ఒకటే ప్రశ్న మార్చి మార్చి అడిగాడు.

"ఎవరూ రిపేరు చేయలేదు కదా? అతికించడం, కుట్టడం?"

"కవరు గూడా ఇప్పలేదు సార్" అన్నాడు అన్న.

"పాతబడినా ఫరవాలేదు. కొంచెం తుప్పు మరక ఉన్నా తీసుకుంటాను. మనిషి చెయ్యి పడితే మాత్రం అయిపోయినట్టే."

కిటికీలో నుంచి జల్లు మొహాన కొడుతున్నా నేను తలుపు వేయలేదు.

ఇంటికి చేరేసరికి నాయన ఉతికిన పంచె కట్టుకుని గడపలోనే నిలబడి ఉన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను చూసి ఎన్నేళ్ళైందో! నేను గడప దాటకుండానే లోపలి పెట్టె వైపు చూశాను.

"రాండి సార్, రాండి. అంతా సిద్ధం చేసి పెట్టినా" అన్నాడు.

"ఏం సిద్ధం నాయనా?" అన్నాడు అన్న.

నాయన చెప్పుకుంటూ పోయాడు. వానకు పక్కింటి మగ్గం గుంతలో నీళ్ళు ఊరి పని ఆగిపోయిందట. ఊరికే కూర్చోలేక, పెట్టె తడిసిందేమో చూద్దామని తెరిచాడట. పుస్తకాల నడుమ ఇనప పిన్నులు తుప్పు పట్టి కాగితం ఎర్రబడుతోందట.

మా ఇళ్ళల్లో పట్టు దగ్గరికి గుండుసూది కూడా రానివ్వరు. చీరకు చీటీ కట్టాలన్నా దారంతోనే కడతారు. తుప్పు ఒకసారి పట్టుకు అంటితే ఆ చీర ఇక అమ్ముడుపోదు. నాకు పసితనంలో తల్లో సైడుపిన్ను పెట్టుకుని మగ్గం దగ్గరికి పోయినందుకు వీపు మీద పడింది కూడా.

"సూసి గమ్మునుండేదానికి మనసు ఒప్పలేదబ్బా" అన్నాడు నాయన. "పిన్నులన్నీ పీకి పారేసి పట్టుదారంతో కుట్టినా. అట్టమీద ఏ రంగుంటే ఆ రంగు దారమే ఏసినా. యాడన్నా కుట్టు కనపడ్తాదేమో సూడండి సార్."

నిజంగానే కనపడలేదు. వచ్చినాయన చేతితొడుగులు వేసుకుని ఆ పుస్తకాన్ని తెరిచి, నడుమ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా మూశాడు.

"పని అద్భుతంగా ఉంది పెద్దాయనా. కానీ నేను తీసుకోలేను" అన్నాడు.

అన్న గోడకు జారగిలబడ్డాడు. నాయన ఆయన మొహం వైపు, అన్న మొహం వైపు చూశాడు. నాయనకు తెలివి తక్కువేం కాదు.

"పిన్నులుంటే కొందురా సార్?"

ఆయన సంచి సర్దుకున్నాడు. బెంగళూరు బండికి టైమవుతోందని అన్నతో మెల్లగా చెప్పి, నాయనకు దండం పెట్టి, వీధి చివర ఆటో ఎక్కాడు.

అన్న మీద ఇన్నేళ్ళుగా దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. నోరు తెరిచాను. అప్పుడు చూశాను, నాయన ఇంట్లో లేడు.

పరుగెత్తుకెళ్ళాను. ఇంటి ముందు కాలువ దగ్గర, వానలో, పంచె మోకాళ్ళదాకా బురదై కూర్చుని ఉన్నాడు. ఊడ్చిన చెత్త మేం పోసేది అక్కడే. రెండు చేతులూ మురికినీళ్ళలో పెట్టి దేవుతున్నాడు.

"లే నాయనా, నీకు దండం పెడ్తా, లే" అని భుజం పట్టుకుని లాగాను. ఏడుపు ఆగలేదు.

నాయన కదల్లేదు. గుప్పిట తెరిచి తుప్పు పట్టిన పిన్ను చూపించాడు.

"ఒగటి దొరికింది పాపా. ఇంగోటి దొరికితే సాలు, ఎట్లుండెనో అట్లే పెట్టిస్తా. మీ అన్నను స్టేషనుకు ఉరకమను, ఆయప్పను బండి ఎక్కనీకుండా పట్టుకోమను."