ఒక్క రింగు అంటే చేరినట్టు

ఫోన్ ఎత్తకుండా మాట్లాడుకోవడం మా అత్తకు నేర్పింది నేనే. ఒక్కసారి రింగు ఇచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరినట్టు. రెండుసార్లు ఇస్తే బయలుదేరినట్టు. మూడుసార్లు ఇస్తే మాట్లాడవలసిన పని పడినట్టు. మూడు ఎవరిచ్చినా తర్వాత ఫోన్ చేయవలసింది నేను, ఎత్తవలసింది ఆమె. ఆమెది మీటల ఫోన్. అందులో బ్యాలెన్స్ పేరుకే ఉండేది.

మా ఆయన పోయిన తర్వాత ఇంట్లో మగ్గం మీద అత్తా నేనూ ఇద్దరమే. బిడ్డ హాస్టల్లో చదువుకునేది. చీరలు పట్టుకుని నేను నకిరేకల్ దాకా వెళ్లినా, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కు వెళ్లినా దిగగానే ఒక్క రింగు. అత్తకు చదువు రాదు కాబట్టి నా నంబరుకు మాత్రం కోయిల కూత పెట్టాను. వేరే చప్పుడు వస్తే ఎత్తవద్దనీ, ఎత్తితే బ్యాంకులో డబ్బు గుంజుకుంటారనీ పదిసార్లు చెప్పాను. ఆమె చెప్పిన మాట వింటుందని అప్పుడు సంతోషపడ్డాను కూడా.

ఆ ఏడాది చేనేత ఎగ్జిబిషన్ కోసం మలేషియాకు పిలుపు వచ్చింది. నూలును ఆముదంలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి పిసికి, ఎండబెట్టి నేసే, తలకు చుట్టుకునే పాతకాలపు రుమాళ్లు మావి. అప్పటికి ఇంట్లో రెండు నెలల పని ఒక దశకు వచ్చి ఉంది. నూనె పట్టించిన నూలుకు చిటికి కట్టడం పూర్తి చేస్తున్నాను. తెల్లగా ఉండవలసిన చోట రంగు దిగకుండా సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టడమే చిటికి. బుధవారం పొద్దున ఎర్రరంగులో ముంచే పని అత్తకు అప్పగించాను. రంగు చేయి ఆమెది. ఆ చేయి నాకు ఇప్పటికీ రాలేదు.

నకిరేకల్‌లో రీఛార్జి దుకాణం అతను బ్యాంకు మెసేజీల కోసమని నా నంబరుకు చిన్న రోమింగ్ ప్యాకు వేశాడు. వేశాడే కానీ నాకు ధైర్యం చాలలేదు. దుబాయ్‌లో ఒక్క ఫోన్ ఎత్తినందుకు నెల జీతం పోయిందని మా వాడలో ఒకాయన కథలు కథలుగా చెప్పేవాడు. అందుకని విమానం దిగగానే అక్కడి సిమ్ కొనుక్కుని వేసుకున్నాను. మన సిమ్ తీసి, నూలుపోగుతో చుట్టి, ఖాళీ మందుబిళ్లల డబ్బీలో దాచాను. ఫోన్లో రెండో సిమ్ పెట్టే గది ఖాళీగానే ఉంది. అందులో పెడితే ఊరికే డబ్బు తింటుందని నా భయం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు, నాకు ఆత్రమూ ఉంది, పైగా తెలివి ఉందన్న నమ్మకం కూడా ఉంది. కొత్త సిమ్ నుంచి ఇంటికి ఒక్క రింగు ఇచ్చి, చేరినట్టు చెప్పేశానని నిశ్చింతగా పడుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం స్టాల్ ముందు కూర్చుని జనానికి చిటికి కట్టి చూపిస్తున్నాను. నోటితో లెక్క చెప్పుకుంటూ కడుతుంటే ఒకచోట చేయి ఆగింది. ఇంట్లో కట్టిన నూలులో ఆఖరి వరస కట్టానా? కట్టలేదు. ఆ వరస దగ్గర ఉండగానే విమానాశ్రయానికి వెళ్లే కారు వచ్చి హారన్ కొట్టింది, లేచి వచ్చేశాను. తెల్లవారితే అత్త ముంచుతుంది. ఎరుపు ఒకసారి పట్టిందంటే ఆ నూలుకు మళ్లీ తెలుపు లేదు. డెబ్బై ఏళ్ల మనిషి రెండు నెలలు నూనెలో చేతులు పెట్టి పిసికిన నూలు అది.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను. ఆమె ఎత్తలేదు. పక్కింటివాళ్లకు చేద్దామంటే నంబర్లన్నీ డబ్బీలో ఉన్న ఆ సిమ్‌లోనే ఉన్నాయి, దాన్ని పెడితే ఎంత డబ్బు పోతుందోనన్న భయం అప్పటికీ పోలేదు. నాకు నోటికి వచ్చిన నంబరు ఇంటిది ఒక్కటే. ఎత్తని అత్త మీద కోపం వచ్చింది, నేర్పిన నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

బుధవారం పొద్దున హాలు బయట టీ అమ్మే ఆమె నా ముఖం చూసి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగులేదా?" అని తెలుగులో అడిగింది. తాతల కాలంలో రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబమట. ఆమె తెలుగు వినగానే నాకు ఏడుపు వచ్చేసింది. అంతా చెప్పాను. ఆమె టీ నా చేతిలో పెట్టి, "మీ ఊరి సిమ్ము ఏది?" అంది.

డబ్బీ తీసిచ్చాను. నూలుపోగు విప్పి, ఆ సిమ్‌ను ఫోన్లో రెండో గదిలో పెట్టింది. దాని ఇంటర్నెట్ ఆపేసింది. "ఇలా ఉంచుకో. ఎత్తకపోతే ఖర్చు లేదు, మెసేజీ వస్తే ఖర్చు లేదు. మాట్లాడేది మాత్రం ఇక్కడి సిమ్ములోంచి మాట్లాడు. మేమంతా ఇలాగే చేస్తాం" అంది.

రెండు నిమిషాలకు మెసేజీలు దిగడం మొదలైంది. అన్నీ ఇంటి నంబరు నుంచి వచ్చిన మిస్డ్ కాల్సే. ఆదివారం మూడు, సోమవారం మూడు, మళ్లీ మూడు, మంగళవారం ఇంకా మూడు. వెంటనే పాత నంబరు నుంచి మూడు రింగులు ఇచ్చాను. తర్వాత కొత్త సిమ్ నుంచి ఫోన్ చేశాను. కోయిల మూడుసార్లు కూసింది కాబట్టి, ఈసారి వేరే చప్పుడైనా మొదటి మోతకే అత్త ఎత్తింది.

"అత్తా, నూలు ముంచినవా?" అన్నాను. హలో అని కూడా అనలేదు.

అత్త అడిగింది, "నువ్వు చేరినవా?"

"చేరిన గదా, ఆదివారమే రింగు ఇచ్చిన."

"యాడిచ్చినవు? కోయిల కూయనే లేదు. ఏదో గాలిమోత మోగుతాంది, నువ్వే ఎత్తొద్దంటివి. మూడు రోజుల సంది మూడు మూడు కొడ్తున్న, ఒక్కపారి గూడ చెయ్యకపోతివి."

"నూలు సంగతి చెప్పత్తా."

"నూలుదేముందే. పొయ్యి గూడ ముట్టియ్యలే. ఇమానం దిగినవో, యాడన్న పడిపోయినవో తెల్వకుంట నేను రంగు ఎట్ల కాగబెడ్త? చేతులాడుతయా?"

ఆఖరి వరస సంగతి ఆమెకు తెలియనే తెలియదు. నా రింగు అందలేదన్న బెంగతో పొయ్యి వెలిగించలేదు, అందుకే నూలు బతికింది. నేనేమో మూడు రోజుల్లో ఆమెకు చేసిన మొదటి ఫోన్ నూలు కోసం చేశాను. అక్కడే, టీ బండి పక్కన నిలబడి, సిగ్గుతో ఏడ్చాను. టీ ఆమె ఇంకో కప్పు పోసింది.

ఆఖరి వరస సంగతి చెబితే అత్త తిట్టలేదు. "నేను కడ్త తియ్యి. నీకన్న ముందుగాల కట్టినదాన్ని" అంది. ఇంకా మాట్లాడబోతే, "పెట్టెయ్, పైసలు పోతయ్" అంటూ ఆమే పెట్టేసింది.

ఆ నూలుతో నేసిన రుమాలు తర్వాత అమ్ముడుపోయింది. టీ ఆమె నేర్పిన పద్ధతి మా ఊరి నుంచి బయటి దేశం వెళ్లేవాళ్లందరికీ చెబుతుంటాను. నేను ఎక్కడికి వెళ్లినా పాత సిమ్ ఇప్పుడు ఫోన్లోనే ఉంటుంది. ఆమె పేరైనా అడగలేదే అని మాత్రం ఇప్పటికీ బాధ.

ఆ బుధవారం మధ్యాహ్నం స్టాల్‌లో కూర్చుని ఉండగా పాత నంబరుకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మూడిస్తుందేమోనని లెక్కపెడుతూ ఎదురుచూశాను. ఒక్కసారే మోగి ఆగిపోయింది. ఊరు కదలని మా అత్త, క్షేమంగా చేరినట్టు నాకు రింగు ఇచ్చింది.