ఫ్యాను రెక్కల పరీక్ష

మా ఆయన టార్చిలైట్లు, తలకు తగిలించుకునే లైట్లు అడిగినవాళ్లకు అడిగినట్టు చేసిస్తారు. కొనేవాళ్లు బల్బు చూస్తారు, బ్యాటరీ చూస్తారు. అసలు ప్రాణమంతా చొక్కా గుండీ అంత డ్రైవర్ సర్క్యూట్‌లో ఉందని ఎవరికీ పట్టదు. బల్బుకి కరెంటు ఎంత వెళ్లాలో చెప్పేది అదే. దాన్ని ఎంచుకోవడానికి ఈయనకిప్పుడు మూడేసి రోజులు పడుతోంది. కిటికీలు మూసి, టేబుల్ ఫ్యాను వేసి, లైటు వెలుగు తగ్గించి రెక్కల మీద వేస్తారు. తిరిగే రెక్కలు ఆగినట్టు కనిపించాయా, ఆ సర్క్యూట్ చెత్తబుట్టలోకే. ఆ ఫ్యాను చప్పుడు వినీ వినీ అలిసిపోయాను తల్లీ.

ఇదంతా మా తమ్ముడి వల్ల. కాదు, నిజం చెప్పాలంటే నా వల్ల.

వాడు వర్క్‌షాపులో ఇనుప ముక్కల్ని గిర్రున తిప్పి చెక్కే లేత్ మెషిన్ మీద పనిచేస్తాడు. వాడి మెషిన్ ఉన్న మూల వెలుతురు సరిగా పడదు. "నాకూ ఒక లైటు చేసిపెట్టు బావా" అని రెండు నెలలు ప్రాణం తీశాడు. ఈయన రెండు రకాల సర్క్యూట్లలో ఏదీ తేల్చుకోలేక కూర్చున్నారు. ఒకటి కరెంటునే తగ్గించి వెలుగు తగ్గిస్తుంది. తెప్పించడానికి వారం పడుతుంది. రెండోది బల్బును కంటికి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తుంది. అది ఇంట్లోనే ఉంది.

"కంటికే తెలియనిదాంతో నష్టమేంటండీ? వాడు నన్ను కాల్చుకు తింటున్నాడు. ఉన్నదే పెట్టేయండి" అన్నాను. పెట్టేశారు.

లైటు ఇచ్చిన మూడో వారం. చుట్టూ మెషిన్ల మోత. తన మెషిన్ ఆపేశాననుకున్నాడు వాడు. బ్యాటరీ మిగులుతుందని లైటు వెలుగు తగ్గించి ఉంచాడు. లైటు ఆరి వెలిగే వేగం చక్రం తిరిగే వేగంతో సరిగ్గా కలిసింది. ఆ వెలుగులో, గిర్రున తిరిగే ఇనుప చక్రం కదలకుండా ఉన్నట్టు కనిపించింది. చెయ్యి పెట్టాడు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముడితో మాత్రం తప్పు తనదేనని చెప్పుకున్నారు. నామీద ఒక్కసారి అరిచి ఉంటే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి ఊరుకునేదాన్ని. అబ్బే! నోరు విప్పకుండా ఫ్యాను ముందు కూర్చుంటారు.

నిన్న పొద్దున తమ్ముడు వచ్చాడు. "మళ్లీ పనిలోకి రమ్మన్నారు. లైటు కావాలి బావా."

"నేనివ్వను. బజార్లో కొనుక్కో."

"బజార్లోవాడు ఫ్యాను ముందు కూర్చుంటాడా ఏంటి?"

ఇక నావల్ల కాలేదు. "ఒరేయ్, ఆ సర్క్యూట్ పెట్టమన్నది నేనురా! మీ బావ కాదు" అనేశాను.

"అనుకుంటూనే ఉన్నాలే అక్కా. అప్పట్నుంచీ నా చేతి వంక చూడకుండానే కంచం పెడుతున్నావుగా" అన్నాడు.

ఈయన లేచి సొరుగు తీశారు. ఎప్పుడో చేసి, ఇవ్వడానికి ధైర్యం చాలక దాచిన లైటు అందులో ఉంది. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, వాడి తలకు తగిలించారు.

"ఏం కనిపిస్తోంది?"

"తిరుగుతూనే ఉంది బావా."

"ఇంకా తగ్గించి చూడు."

"తిరుగుతూనే ఉందయ్యా బాబూ! నమ్మకపోతే అక్కనడుగు." వాడు లైటు తీసి నా తలకు తగిలించాడు.

నేను ఫ్యాను వైపు తిరగలేదు. పట్టీ బిగిస్తున్న వాడి చెయ్యి పట్టుకుని వెలుగులోకి తెచ్చి, మొదటిసారి చూశాను.