ముయ్యికి పోయిన నెత్తురు

"అప్పుడు నీ బదులు నేను పోతి గదా, ఇప్పుడు నా బదులు నువ్వు పోవే సుబ్బీ."

"నేను పోనక్కా. బదులు పంపితే ఏమైతాదో మనకు తెలీదా?"

మంచంలో ఉన్న మా ఓబులమ్మక్క పండ్లు లేని నోరు తెరిచి నవ్వింది. మాకిద్దరికీ అవే ఆఖరి మాటలు. పొద్దు గుంకక ముందే పోయింది. మునిమనవడు ఒడిలో ఉచ్చ పోస్తే వాని తాతల దాకా తిట్టేంత ఓపికతో, నిండా బతికి పోయింది. అందుకని ఈ పాపతో ఏడుపు మాటలు రాయించను. ఆ "బదులు" వెనకాల నేను చేసిన గాడిద పని ఒగటుండాది. దాంతో ఒగ నిండు పానం పోవాల్సింది. చెప్తా వినండి. నవ్వు ఆపుకోబాకండి, ఆపుకుంటే కడుపుబ్బరం.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. మాది జమ్మలమడుగు పక్క పల్లె. కర్నూలు మన రాజధాని అంట అని మగోళ్లు కాఫీ హోటలు కాడ చెప్పుకుంటాన్న కాలం. పులివెందుల పక్క లింగాల నుంచి నేను కాపరానికొచ్చి కొన్నేండ్లు. నాకు నెత్తురు చచ్చిపోయింది. బిందె ఎత్తితే ఆయాసం, సేన్లో వంగితే కండ్లు తిరుగుడు, మొగం చూస్తే పొట్టు తీసిన ఉడకబెట్టిన గుడ్డు. అక్క మాత్రం రోలు మాదిరి మనిషి. నల్లగా, గట్టిగా. సంగట్లోకి పచ్చిమిరక్కాయ కొరికిందంటే మిరక్కాయే "అబ్బా" అనాల.

"ప్రొద్దుటూర్లో నెత్తురు రోగాలు, గడ్డలు చూసే డాక్టరుండాడంట, పోండి" అని మా ఆయన, ఇప్పుడు లేడు పాపం, ఇద్దరినీ బస్సెక్కించినాడు.

డాక్టరు మిద్దె ముందర అరుగు నిండా జనం. ఆయన నా కంటి రెప్ప కిందికి గుంజి చూసి, "నెత్తురు పరీక్ష చేయాల. బయట కూర్చో, కాంపౌండరు పిలిస్తే పోయి వేలికి సూది పొడిపిచ్చుకో" అన్నాడు.

సూది మాట వింటానే నా పానం కొంగు ముడిలోకొచ్చింది. పక్కన మెడకు గుడ్డ చుట్టుకొని ఒగ సాయిబులామె కూర్చోనుండాది. నా ఏడుపు మొగం చూసి, "నేను మద్రాసుకు పోయి మెడ మీద గడ్డకు కరెంటు పెట్టించుకోనొచ్చినా. ఇప్పుడు అన్నం బాగా మింగుతాండా. నువ్వేందమ్మా, వేలికి సూది అంటే వణుకుతాండావు?" అనింది.

నేను అక్క చెవిలో, "అక్కా, నాకు ఉండేదే ఉద్ధరిణెడు నెత్తురు. అది గూడా వీళ్లు గుంజుకుంటే ఎట్ల బతికేది? నువ్వు నా ముయ్యికి పో" అన్నా.

ముయ్యి అంటే మా సేద్యపోళ్లకు తెలుసు. ఈపొద్దు నువ్వు నా సేన్లో కలుపు తీస్తే, రేపు నేను నీ సేన్లో తీస్తా. నాకు బాగలేకుంటే మా ఇంట్లోనుంచి ఇంకొగరు పోతారు. మనిషికి మనిషి లెక్క.

"నెత్తురుకు ముయ్యి ఉంటాదేమే?" అనింది అక్క.

"ఒగే కుండలో సంగటి తినేటోళ్లం. నీ నెత్తురు వేరే, నా నెత్తురు వేరే ఎట్లైతాది?"

"అదీ నిజమేలే. రేపు నా వంతు పేడ నువ్వు ఎత్తాల."

చూసినారా! ఒగ తెలివితక్కువది ఉంటే కతే లేదు. ఇద్దరు జమైతేనే కత.

"సుబ్బమ్మా!" అని కాంపౌండరు పిలిస్తే, "ఆ, వస్తాండా!" అని అక్క లేచి పోయింది. "ఇంతేనా అప్పా? చీమ గూడా ఇంతకంటే బాగా కుడతాది" అని నవ్వుకుంటా వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు ధారపోసినాడంటారు. నేను అక్క నెత్తురు ధారపోయించినా, అదీ నా పేరు మీద.

శానాసేపటికి డాక్టరు నన్ను పిలిచినాడు. నెత్తురు చుక్కను పెద్దగా చూపించే గొట్టంలోనుంచి కన్ను తీసి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తాంటివమ్మా?" అన్నాడు. "నెత్తురులో గింజలుంటాయి. నీవి శానా తక్కువ, ఉండేటివి ఊరికే ఉబ్బిండాయి. చెనిక్కాయల్లో బోలుకాయ చూసినావా? పైకి లావు, లోపల పప్పుండదు. అట్ల. కాళ్లు తిమ్మిర్లెక్కుతాండాయా?"

"ఆ సారూ."

"నాలుక మంటనా?"

"ఆ సారూ."

తల మీద కొమ్ములు మొలిచినాయా అని అడిగుంటే దానికీ ఆ అనేదాన్నే, అంత భయం.

"ఈ సూది నెలనెలా ఏయించుకోవాల. మానితే కాళ్లు పడిపోతాయి, తర్వాత పానానికే మోసం" అని దబ్బనమంత సూది తీసి నా పిర్రకు దించినాడు. దొంగకు తేలు కుట్టినట్టంటారు గదా, ఈ దొంగకు సూది కుట్టింది. అరిస్తే గుట్టు రట్టు. పెదిమ కొరుక్కొని నిలబడితి.

తిరుగు బస్సులో ఒగ పక్కకే ఒరిగి కూర్చోని, కారం బొరుగుల పొట్లం అక్కకు చాపినా.

"నాకొద్దే. ఈ మధ్య కారం తగిలితే నాలుక మండుతాంది."

"నీకా?"

"కాళ్లు గూడా చీమలు పాకుతాన్నట్టు తిమ్మిర్లు. ముసిలిదాన్నైతాండానేమో."

నా నోట్లో బొరుగులు నోట్లోనే ఉండిపాయె. తర్వాత బస్సు బస్సంతా తిరిగి చూసేట్టు ఏడుపందుకుంటి.

"ఏందే? సూది నొప్పా?"

"కాదక్కా! సూది నాకు పడింది, రోగం నీకుండాది!"

బస్సు నిలిపిచ్చి దిగినాం. ప్రొద్దుటూరుకు పోయే నాపబండల ఎద్దులబండి ఎక్కినాం. ఆ బండల మీద, ఆ పిర్రతో, ఆ గతుకుల్లో! నా పాపం ఆ బండి మీదనే సగం అరిగిపోయింది. నేను మూలుగుతాంటే ఎప్పుడూ నవ్వే అక్క తన తిమ్మిరి కాళ్లనే పిసుక్కుంటాండె. శానా దూరం పోయినాక, "నేను పోతే నా చంటిదాన్ని నువ్వు సాకుతావా సుబ్బీ?" అనింది.

"సాకను. పేడంటే నీ బదులు ఎత్తుతా గానీ, బిడ్డను నువ్వే సాకాల."

నన్ను చూసి డాక్టరు, "మళ్లా వచ్చినావేం?" అన్నాడు. జరిగింది చెప్పినా. ఆయన కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లా పెట్టుకున్నాడు. "కూలికి బదులు పంపిచ్చేది విన్నా. నెత్తురుకు పంపిచ్చేదేందమ్మా?"

ఇద్దరికీ తనే వేలు పొడిచి చూసినాడు. "ఈమె రోగం ఈమెదే. నీకు కడుపులో పురుగులు. మాత్రలు మింగు, కాళ్లకు చెప్పులెయ్యి." ఆ తర్వాత నవ్వినాడు. "నువ్వు దొంగతనం చేయకుంటే ఈమె నా గడప తొక్కేదా? కాళ్లు పడిపోయినాక ఎత్తుకోనొస్తాండిరి."

వేలికి సూదిని ఎగతాళి చేసిన అక్క, పిర్ర సూదికి అరిచిన అరుపు పెన్నేటి అవతల పల్లెకు వినపడింటాది. అరుగు మీద సాయిబులామె మెడ పట్టుకొని నవ్వింది.

ఆ తర్వాత నెలనెలా ఇద్దరం ప్రొద్దుటూరుకు పోయొచ్చినాం. కొన్ని నెలలకు అక్క అదే అరుగు మీద కూర్చోని, కొంగులోనుంచి పచ్చిమిరక్కాయ తీసి, అందరు చూస్తాంటే కరకరా నమిలింది. "మండలేదే!" అని గంతేసింది. నాకు కండ్లలో నీళ్లు, మిరక్కాయ తిన్నది ఆమె అయితే.

లచ్చిమీ, ఆ చంటిదే మీ అమ్మ. మీ అవ్వే సాకింది. రాసుకో.

ఇంగ ఒట్టు పెట్టుకుంటాండా: నా దగ్గు నేనే దగ్గుతా, నా సూది నేనే పొడిపిచ్చుకుంటా, రేపు నా పాడె గూడా నేనే ఎక్కుతా. ఈ సుబ్బమ్మ బతుకులో ఏ పనికీ ఇంగొగర్ని బదులు పంపదు.

ఒక్క రాసే పనికి తప్ప. నా బదులు నువ్వు రాసినావు గదా పాపా. మధ్యలో నీ మాట యాడన్నా కలిసిందేమో చూడాల. ఏదీ, మొదట్నుంచి చదువు, వింటా.