పిండి వేయని పులుసు

మా బెడోక్ ఆంటీ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరి, మేముండే సెంగ్‌కాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలు ఎక్కబోతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అమ్మ పోయింది అన్నా" అని పెట్టేసింది. నేనెక్కాల్సిన బండి వెళ్ళిపోయింది. తర్వాతిదీ వెళ్ళిపోయింది. మూడోది ఎక్కి, ఆఫీసు మాట వదిలేసి బెడోక్ వెళ్ళాను.

మధ్యాహ్నానికల్లా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. "ఆంటీ గ్రేవీలు మరువలేం" అని ఒకాయన రాశాడు. "గ్రేవీ క్వీన్" అని ఇంకొకావిడ కిరీటం బొమ్మ పెట్టింది. ఏడు నెలలు ఆవిడ మంచంలో ఉంటే ఒక్క పూట తొంగిచూడని వాళ్ళే ఇద్దరూ. పైగా ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మంట. "గ్రేవీ అంటే ఏటి? పేరు తెలీనోళ్ళు పెట్టుకున్న పేరు" అనేవారు. పోయినవాళ్ళకి అభ్యంతరం చెప్పే వీలుండదు కాబట్టి ఆవిడ తరఫున నేను చెబుతున్నాను.

పదిహేడేళ్ళ కిందట కరీంనగర్ నుంచి ఈ దేశానికి ఉద్యోగానికి వచ్చి, బెడోక్‌లో ఆవిడ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఇక్కడ గది చూడబోతే ఎవరైనా ముందు చెప్పే మాట "లైట్ కుకింగ్ ఓన్లీ". నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, పోపు మాత్రం పెట్టకూడదని దానర్థం. నేను ఆ మాట వినీ వినీ ఉన్నవాణ్ణి కాబట్టి, లైట్ కుకింగే చేసుకుంటానని నేనే ముందుగా హామీ ఇచ్చాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లైట్ కుకింగ్ అంటే అరటిపండు ఒలుచుకోవడమా అని అడిగారు. ఆ ఇంట్లో గది తీసుకున్నవాడు వంట నేర్చుకోవాలి, అదొక్కటే షరతు.

ఆవిడది భీమిలి వైపు. పెళ్ళయి వచ్చి ఇక్కడే నలభై ఏళ్ళున్నారు. భర్త ఓడల యార్డులో ఫోర్‌మన్‌గా చేసి, నేను రాకముందే పోయాడు. ఒక్కతే కూతురు, అప్పటికి బడిలో ఉండేది. మొదటి రోజు భోజనానికి పిలిస్తే నేను మా వైపు అలవాటు కొద్దీ, "ఆంటీ, కొంచెం షోర్వ పోస్తరా?" అన్నాను. ఆవిడ గరిటె గాల్లోనే ఆపేశారు.

"షోర్వా ఏటి? మనింట్లో పులుసుంటాది, ఇగురుంటాది. ఏది కావాలో పేరెట్టి అడగాల."

అలా పేర్లతో మొదలైంది నా చదువు. నీళ్ళు ఇగిరిపోయి ముక్కకి పట్టుకుంటే ఇగురు. చింతపండుతో మరిగి, అన్నంలో పోసుకుంటే పారేది పులుసు. రోజువారీ ఇగురుకి ఉల్లిపాయలే ఆధారం. ఉప్పు వేసి సన్నసెగ మీద అవి రూపం పోగొట్టుకునేదాకా వేయించాలి. మజ్జిగ పులుసుకి నానబెట్టిన పచ్చిశనగపప్పు, కొబ్బరి కలిపి రుబ్బాలి. వినాయక చవితినాటి ముక్కల పులుసులో గుమ్మడి ముక్కలు రెండు ఎక్కువ వేసి, అవి కరిగి వచ్చిన చిక్కదనంతో సరిపెట్టాలి. దీపావళికి గుత్తివంకాయ. దాని రసం కోసం నువ్వులు, వేరుశనగలు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించి, చల్లారాకే నూరాలి. గసగసాలు ఈ దేశంలోకి తేకూడదని చట్టం, కనుక పండగ కోడికూరకి జీడిపప్పుతో కానిచ్చేవారు. నేను ఊరు వెళ్ళే ప్రతిసారీ, గసాలు మాత్రం తేకు, జైల్లో పులుసు పెట్టరు అని గుర్తుచేసేవారు.

పొయ్యి దగ్గర ఆవిడ నోట ఎక్కువగా వినబడే మాట "తిన్నగా". మా వైపు తిన్నగా అంటే వంకర లేకుండా. ఆవిడ వాడకంలో నిదానంగా, జాగ్రత్తగా. తిన్నగా మరగనియ్యి, తిన్నగా కలుపు, తిన్నగా తిను. నాకా మాట పట్టుకోవడానికి ఒక నెల పట్టింది. ఆ తర్వాత నా నోటికీ పట్టుకుంది. మా అమ్మ ఫోన్లో విని, నువ్వు ఆంధ్రోడివి అయినవురా అని వెక్కిరించేది.

మంచి మనిషి కాబట్టి మెత్తని మనిషి అనుకోకండి. నాకు పెళ్ళయి సెంగ్‌కాంగ్‌లో ఇల్లు తీసుకున్నాక మొదటి దీపావళికి ఆఫీసు వాళ్ళని పదిమందిని పిలిచాను. కోడికూరలో నీళ్ళెక్కువై పలచబడింది. మరిగించే ఓపిక లేక, అందరూ చేసేదేగా అని రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి పోశాను. నిమిషంలో చిక్కబడి నిగనిగలాడింది. వచ్చినవాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు. ఆంటీ ఒక్క మెతుకు మీద అంటించి నోట్లో పెట్టుకుని, ఆ తర్వాత పెరుగన్నం మాత్రం తిన్నారు. నా భార్య ముందు ఏమీ అనలేదు. లిఫ్ట్ దాకా దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు అన్నారు:

"చిక్కదనం నిప్పు మీద రావాలయ్యా, డబ్బాలోంచి కాదు. పిండేస్తే అది కూర కాదు, గోడలకి కాయితాలు అంటించుకుంటారే, అది."

ఆపైన నెలరోజులు నాతో మాట్లాడలేదు. నేనే వెళ్ళి, ఆవిడ ఎదురుగా ఉల్లిపాయ ఇగురు చేసి చూపించి, మళ్ళీ ఇంట్లోకి ప్రవేశం సంపాదించుకున్నాను. అలిగితే అన్నం పెట్టడం మానేవారు కాదు. పెట్టి, మాట మానేసేవారు. రెండోదే ఎక్కువ బాధ.

పోవడానికి ఏడు నెలల ముందు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది, మింగేటప్పుడు గొంతు సరిగా మూసుకోవడం మానేసింది. పలచనిది ఏది తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని, మంచినీళ్ళతో సహా అన్నిట్లో ఒక పొడి కలిపి చిక్కగా చేసి ఇమ్మన్నారు. ఆసుపత్రివాళ్ళు చెప్పింది సబబే. నాకు వాళ్ళమీద కోపం లేదు. కానీ ఆ పొడి డబ్బాలో వస్తుంది. టీలో డబ్బా, చారులో డబ్బా, నీళ్ళలో డబ్బా. ఎవరైనా మాట దాటేస్తే నీళ్ళు నమలకు అని గద్దించే మనిషి, చెంచాతో తినిపిస్తున్న నీళ్ళని నోట్లో తిప్పుకుంటూ ముద్దమాటల్లో అన్నారు, "చూడు, నా చేత నిజంగానే నమిలిస్తన్నారు."

అడిగింది ఒక్కటే. చేపల పులుసు. ముక్క వద్దు, రసం చాలు. వెళ్ళిన ప్రతిసారీ అడిగేవారు. నేను ప్రతిసారీ, తగ్గాక తాగుదురు గాని అనేవాణ్ణి. తగ్గదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

పోవడానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం, కూతురు వాయిస్ మెసేజ్ పంపింది. ఆమె పాయా లేబర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని అందులో సగం ఇంగ్లీషు, పావు తమిళం. రైల్లోంచి పెట్టినట్టుంది, వెనక తలుపుల మోత. "అన్నా, డాక్టర్‌తో మాట్లాడాను. అమ్మకి ఇంక తిన్‌గా ఇవ్వచ్చన్నారు. నువ్వు ఆ పులుసు తెస్తావా?"

నేను విన్నది ఇలా: అమ్మకి ఇంక తిన్నగా ఇవ్వచ్చన్నారు. రెండోసారి కూడా విన్నాను, అర్థం కాక కాదు, ముచ్చటేసి. ఈ పిల్లకి తెలుగు రాదని పదిహేడేళ్ళు సణిగినవాణ్ణి, తల్లి మాట కూతురి నోట వచ్చిందని మురిసిపోయాను. నా భార్యని పిలిచి వినిపించాను కూడా.

శనివారం పొద్దున్నే మార్కెట్లో వంజరం కొన్నాను. చింతపండు పిసికి, బియ్యం కడిగిన రెండో నీళ్ళు పోసి, మెంతిపొడి చిటికెడు వేసి, ఆవిడ నేర్పినట్టు తిన్నగానే మరిగించాను. ఆవిడ ఎదుట పెట్టినా వంక దొరకనంత బాగా కుదిరింది. వడకట్టి రసం తీశాను. ఆ తర్వాత, తిన్నగా ఇవ్వమన్నారు కదా, జాగ్రత్తగా ఉండాలి కదా అని, ఆ పొడి రెండు చెంచాలు కొలిచి కలిపాను.

ఆసుపత్రిలో నేను పులుసు గిన్నె మూత తియ్యగానే ఆవిడ వాసన పట్టారు. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. మొదటి చెంచా నోట్లో పెట్టాను. మింగలేదు. నోట్లోనే ఉంచుకుని నావైపు చూశారు.

"పిండేసీసేవా?"

"డాక్టర్లు వెయ్యమన్నరు ఆంటీ" అన్నాను.

ఆ చెంచాడూ పెదవి చివర నుంచి బయటికి వదిలేశారు. నేను తుడిచి రెండో చెంచా పట్టాను. పెదవులు బిగించుకున్నారు. బతిమాలాను. ఆవిడ నా చెయ్యి వదిలేసి తల గోడవైపు తిప్పుకున్నారు. నేనున్న గంటసేపూ ఇటు తిరగలేదు. అంతే, నాతో ఆవిడ ఆఖరి మాట అదే. పిండి వేశావా అని.

ఆదివారం మళ్ళీ వెళ్తే మగతలో ఉన్నారు. మంగళవారం పోయారు.

దహనశాల దగ్గర, అందరూ వెళ్ళిపోయాక, కూతురు నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "అన్నా, సాటర్డే అమ్మ పులుసు తాగిందా? వాళ్ళు తిన్‌గా ఇచ్చినా పర్లేదన్నారు. తికెనర్ పొడి వద్దు, ఇంక ఎక్కువ రోజులు లేవు, ఆమెకి నచ్చినట్టు ఇవ్వండి అన్నారు. దగ్గు వచ్చిందా?"

అప్పటికి అర్థమైంది నాకు. ఇక్కడ పెరిగిన పిల్లల నోట్లో థ పలకదు. ఆమె అన్నది ఇంగ్లీషు 'థిన్', అంటే పలచగా అని. అనుమతి వచ్చింది. ఆవిడ ఏడు నెలలుగా అడిగినదానికి అనుమతి నా ఫోన్లోనే ఉంది, నేను దాన్ని ముచ్చటగా రెండుసార్లు విని, డబ్బా తెరిచాను.

నేను నీళ్ళు నమిలాను. ఆమె జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది. "తాగింది" అన్నాను. "దగ్గు రాలే. మంచిగ తాగింది." ఆమె నా భుజం మీద తల పెట్టి, అయితే చాలు, అది చాలు అని ఏడ్చింది. ఆ ఒక్కమాట ఆమెని నిలబెట్టింది. ఆఫీసులో, బంధువులతో, అందరికీ చెప్పుకుంది, అమ్మ చివరికి తనకిష్టమైంది తాగి వెళ్ళిందని. ఆ గ్రూపులో కూడా పెట్టింది. కిరీటం ఆవిడ దానికి గుండె గుర్తు పెట్టింది.

దీన్ని తెలుగులో రాయడానికి కారణం చెప్పేస్తాను. ఆ పిల్లకి మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. తెలుగు నేర్పించలేదని వాళ్ళమ్మని కూడా నేను తప్పుపట్టాను ఒకప్పుడు. ఇవాళ ఆ లోపం వెనకే దాక్కుంటున్నాను. చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఆమెకి చదివి వినిపిస్తే అడ్డుపడను. అలా జరిగితే బాగుండునని కొన్ని పూటలు అనిపిస్తుంది, వద్దని కొన్ని పూటలు.

పెద్దకర్మ నాడు బెడోక్ ఇంట్లో, ఆవిడ ఫోటో ముందు ఆకు వేశాం. అమ్మ ఆ రోజు తాగిన పులుసే నువ్వు చెయ్యాలి అని కూతురు ముందే చెప్పింది. చేశాను. డబ్బా ముట్టుకోలేదు. ఆమె ఆకులో అన్నం కుప్పగా పెట్టి, మధ్యలో గుంట చేసి, గరిటెతో పోసింది.

"ఇదే కదా అన్నా?"

"ఇదే" అన్నాను.

గుంట నిండి, అన్నం ఒకవైపు కూలింది. పులుసు ఆకు ఈనె దాటి, అంచు మీదుగా దిగి, నేల పలకల సందు వెంట ఫోటో వైపు పారింది. మరీ పలచనైందా అని అడుగుతూ ఆమె గుడ్డ కోసం లేవబోయింది. ఇట్లనే ఉండాలె, తుడవకు అన్నాను. ఆమె మళ్ళీ కూర్చుంది. అది ఫోటో చట్రాన్ని తాకి, రెండు పాయలై, అవతలికి పోతూ ఉంది.