మామయ్య గొంతుకు మర్యాద నేర్పిన కంపెనీ

మా మామయ్యకు డాక్టర్లు గొంతు తీసేశారు. అభిప్రాయాలు మాత్రం వాళ్ళ కత్తికి అందలేదు.

ఆయన మోటార్లు చుట్టే మనిషి. కాలిపోయిన నీళ్ళ మోటారు, ఫ్యాను, గ్రైండరు, ఏది తెచ్చినా మాడిన తీగ ఊడబెరికి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇస్తాడు. షాపు వెనక భాగం ఆయనది. ముందు భాగంలో, కాలేజీ మధ్యలో మానేసి వచ్చిన నేను, బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేస్తుంటాను. వీధివీధంతా ఆయన్ని ‘ఎడిటరు’ అంటుంది. పొద్దున్నే పేపరు ముందు పరుచుకుని, చేత్తో తీగ చుడుతూ, నోటితో ఒక్కో వార్తనూ ఉతికి ఆరేసేవాడు మరి.

“మంత్రికి మోకాళ్ళ నొప్పట. విమానమెక్కి పై దేశం పోయాడట. ఇక్కడి ఆస్పత్రి కట్టించింది ఆయనే కదరా అల్లుడూ! ఎలా కట్టించాడో ఆయనకి తెలీదా ఏం?”

మోటారు కోసం వచ్చినవాడికి మోటారు అంత తేలిగ్గా దక్కేది కాదు.

“అయిందా ఎడిటరుగారూ?”

“ఎప్పుడో అయింది. ముందిది చెప్పు. బ్యాంకుని ముంచినవాడికే మళ్ళీ అప్పిచ్చారు. నువ్వేమంటావ్?”

“నేనేమంటానండీ, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు.”

“అదిగో! నువ్విలా అంటావనే వాళ్ళు ఇచ్చారు!”

అలాంటి మనిషి గొంతులో పుండు లేచింది. ప్రభుత్వాసుపత్రిలో పెద్ద డాక్టరుగారు దాచకుండా చెప్పేశారు. స్వరపేటిక తీసేయాలి, మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవాలి, మాట ఉండదు. మామయ్య అడిగింది ఒక్కటే: “పేపరు చదవొచ్చా?”

“చదవొచ్చు. పైకి చదవలేరు” అన్నారాయన.

అప్పుడే ఒక చిన్న కంపెనీ సంగతి తెలిసింది. గొంతు ఉండగానే రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఫోన్లో టైపు చేసిన మాటను మన గొంతుతోనే పలికించే యాప్ వాళ్ళది. రికార్డింగుకు వచ్చిన అమ్మాయి చదవమని కొన్ని వాక్యాలిచ్చింది. ‘ఈ రోజు వాతావరణం ఆహ్లాదంగా ఉంది.’ ‘మీ సహాయానికి కృతజ్ఞతలు.’

“ఇవన్నీ నేను జన్మలో అనని మాటలమ్మా” అన్నాడు మామయ్య. “ధరలు, దోపిడీ, రాజీనామా... ఇలాంటివి లేవా?”

ఆ పిల్ల పడీపడీ నవ్వి, ఆయన పేపరే ఆయన చేత చదివించుకుంది.

ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రివాళ్ళు కూడా ఒక పరికరం ఇచ్చారు. టార్చిలైటంత ఉంటుంది. మెడకు ఆనించి మీట నొక్కి పెదాలు కదిలిస్తే జుయ్‌మని మోత పుట్టి, ఆ మోతలోంచే మాట వస్తుంది. మామయ్య దాన్ని వార్డులో ఒకసారి వాడాడు. పక్క మంచం వాళ్ళ పిల్ల ఝడుసుకుని ఏడ్చింది. ఇంటికి రాగానే దానికి ‘మిక్సీ’ అని పేరుపెట్టి, పాత బేరింగుల సొరుగులో పడేశాడు.

యాప్ సంగతి వేరు. మొదటిరోజు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి టైపు చేస్తే ఫోను గట్టిగా పలికింది: “ఒసేయ్, ఇది కాఫీయా, గిన్నె కడిగిన నీళ్ళా?”

అచ్చం ఆయనే. ఆ జీర, ఆ విసురు. అత్తయ్య చేతిలో గరిటె జారిపోయింది. అక్కడే కూలబడి ఏడుస్తూ, “తిట్టండి, ఇంకోటి తిట్టండి” అంది.

ఎడిటరు మళ్ళీ షాపుకొచ్చాడు. టైపు చేసి మాట్లాడటం వల్ల మాట నెమ్మదించింది గానీ, ఆలోచించుకునే తీరిక దొరికి పదును పెరిగింది.

ఇంతలో ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్ళకు ఆస్పత్రులున్నాయి, బీమా వ్యాపారం ఉంది. ‘మీ అనుభవాన్ని మెరుగుపరుస్తున్నాం’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఈ ముక్క కనబడగానే జేబు తడుముకోవాలని నా వృత్తి నాకు నేర్పింది. ఈసారి జేబు భద్రంగానే ఉంది. పోయింది వేరే.

మామయ్య గొంతు కోసిన ప్రభుత్వాసుపత్రిని అదే పెద్ద కంపెనీకి అప్పగించబోతున్నారని పేపర్లో పడింది. మామయ్య ముఖం ఎర్రబడింది. ‘సిగ్గులేని దొంగల్లారా, మా ఆస్పత్రిని ధారపోయడానికి మీరెవర్రా?’ అని టైపు చేసి, షాపులో ఉన్న నలుగురి వైపు ఫోను తిప్పి నొక్కాడు.

“గౌరవనీయులారా, ఆస్పత్రి నిర్వహణలో రానున్న మార్పుపై నాకు కొన్ని సందేహాలున్నాయి” అంది ఫోను. ఆయన గొంతుతోనే. ఆ జీరతోనే.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పక్క షాపు వెల్డింగాయన ముందుగా తేరుకున్నాడు. “ఏంటి ఎడిటరుగారూ, వాళ్ళ దగ్గర జీతానికి గానీ చేరారా?”

అందరూ నవ్వారు. మామయ్య మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మర్యాద. ఫోను బల్లమీద పెట్టేసి, తీగచుట్ట ముందు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఒక్క మోటారూ ముట్టుకోలేదు.

నేను కంపెనీకి ఫోన్ చేశాను. ఎవడో కుర్రాడు ఎత్తాడు.

“సభ్యమైన భాష అని కొత్త సదుపాయం ఇచ్చాం సార్, కస్టమర్ల భద్రత కోసం.”

“ఆపే బటనెక్కడుంది?”

“అది ఆపేది కాదు సార్. సదుపాయం.”

“అయితే ‘దొంగ’ అనకూడదా?”

“అనొచ్చు సార్. ‘దొంగ నా పర్సు ఎత్తుకెళ్ళాడు’ అంటే చక్కగా పలుకుతుంది.”

“పర్సు కాకుండా ఆస్పత్రి ఎత్తుకెళ్తే?”

“మీకింకేమైనా సహాయం చేయగలనా సార్?”

పాత యాప్ మళ్ళీ ఎక్కించి చూశాను. లాభం లేదు. మాట తయారయ్యేది ఫోన్లో కాదు, ఎక్కడో వాళ్ళ కంప్యూటర్లలో. నోరు మూయించిన ప్రభుత్వాలను చూశాం. వాళ్ళకు కనీసం మూయించామని తెలుసు, మనకూ తెలుసు. వీళ్ళు నోరు మూయలేదు. మనిషి గొంతును తీసుకెళ్ళి, అందులో వాళ్ళ మాట పోసి, ‘ఇదుగో నీ గొంతు’ అని తిరిగిచ్చారు. దీనికి వ్యాపారం పేజీలో రంగుల బొమ్మ వేసి ‘మాట లేనివారికి మాట’ అని శీర్షిక పెట్టింది మామయ్య రోజూ కొనే ఆ పేపరే.

ఆస్పత్రి అప్పగింతపై జనం అభిప్రాయం చెప్పుకోవచ్చని పురపాలక హాల్లో సభ పెట్టారు. వెళ్ళి మాట్లాడి తీరాలని మామయ్య పట్టు. ‘తిట్లు లేకుండా రాస్తే సరిగ్గానే పలుకుతుందిలే’ అని నాకు టైపు చేసి చూపించాడు.

“మిక్సీ తెచ్చుకో మామయ్యా, మంచిది” అన్నాను.

ఆయన అడ్డంగా తలూపాడు. అత్తయ్య కూడా ఒప్పుకోలేదు. “ఆ మోత నేను వినలేనురా. ఈ గొంతన్నా మిగలనీ.”

బయల్దేరే ముందు అత్తయ్య కాఫీ ఇచ్చింది. మామయ్య ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, అలవాటు కొద్దీ టైపు చేశాడు.

“కాఫీ బాగుంది. ఇంకాస్త చిక్కగా ఉంటే మరింత బాగుండేది” అంది ఫోను.

అత్తయ్య ఫోను వంక చూసింది, ఆయన వంక చూసింది. “ఎవరండీ ఈయన?” అంది. లేచి, సొరుగు లాగి, బేరింగుల కింద నుంచి మిక్సీ తీసి, నూనె తుడిచి, చెప్పకుండా ఆయన సంచిలో పెట్టింది.

నేను, అత్తయ్య, వెల్డింగాయన కూడా వెంట వెళ్ళాం. హాల్లో వేదిక మీద అధికారి, ఆయన పక్కన కంపెనీ తరఫు మనిషి, చివర్లో రాసుకునే గుమాస్తా. వంతు రాగానే మామయ్య మైకు ముందు ఫోను పెట్టాడు. ‘ఈ ఆస్పత్రిలోనే నా ప్రాణం నిలబడింది. దీన్ని కంపెనీకి ఇవ్వడానికి నేనొప్పుకోను’ అని రాసుకున్నాడు. అందులో తిట్టన్నది ఎక్కడా లేదు.

“ఈ ఆస్పత్రిలోనే నా ప్రాణం నిలబడింది. దీన్ని కంపెనీకి ఇచ్చేముందు అన్ని విషయాలూ పరిశీలించాలని మనవి” అంది ఫోను.

కంపెనీ మనిషి లేచి చప్పట్లు కొట్టాడు. “చూశారా! మాటే లేని పెద్దాయన ఈ రోజు సభలో మాట్లాడుతున్నారంటే అది మా యాప్ వల్లే!”

అధికారి గుమాస్తా వైపు వంగి, “షరతులతో సమ్మతి, రాసుకో” అన్నాడు.

మామయ్య మళ్ళీ టైపు చేయబోయాడు. సంచిలో కళ్ళద్దాల కోసం వెతుకుతుంటే మిక్సీ తగిలింది. తీసి, అత్తయ్య వైపు ఒకసారి చూసి, మెడకు ఆనించాడు.

మైకులో ఆ మోత వినగానే జనం చెవులు మూసుకున్నారు. వెనక కొందరు కిసుక్కుమన్నారు.

“ఏమంటున్నారు?” అని అధికారి నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్ళీ మోత.

“అర్థం కావట్లేదండీ. ఫోన్లోనే చెప్పించండి” అన్నాడు అధికారి.

అత్తయ్య లేచి నిలబడింది. “ఫోన్లో మాట్లాడింది మీ పక్కనున్నాయన. మా ఆయన ఈయన. వినండి.”

నవ్వులు ఆగాయి. మామయ్య ఒక్కో అక్షరం విడదీసి పలికాడు. “స...మ్మ...తి... కా...దు. కొ...ట్టెయ్.”

గుమాస్తా అధికారి ముఖం చూశాడు. అధికారి కంపెనీ మనిషి ముఖం చూశాడు. మామయ్య మీట మీంచి వేలు తీయలేదు. “కొ...ట్టెయ్.” వెల్డింగాయన అందుకున్నాడు: “కొట్టేయమంటున్నారుగా, వినబడట్లా?” హాలంతా అందుకుంది. గుమాస్తా కలం తీసి కొట్టేశాడు. కొట్టేశాక కూడా మామయ్య ఆగలేదు. ‘వ్యతిరేకం’ అని పక్కన రాసేదాకా మోగిస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రి ఎవరి చేతికి పోతుందో ఇంకా తేలలేదు. కంపెనీకి మామయ్య ఒక్కడు లెక్క కాదని నాకూ తెలుసు.

మర్నాడు ఆయన షాపుకు వచ్చే ముందు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మిక్సీ మోగింది. “గి...న్నె... క...డి...గి...న... నీ...ళ్ళు.”

“ఇష్టమైతే తాగండి, లేకపోతే పారబోయండి” అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండానే.