కిడ్నీ అని రాయమన్నారు

మాజీ సైనికుల ఆరోగ్య కార్డు తాగుబోతులకి దండగైందని పలాస, టెక్కలి వైపు ఇప్పటికీ అంటారు. తప్పు. తాగుడు జబ్బుకి కార్డు పనికొచ్చింది. అడ్డం పడింది మన పరువు. నేనక్కడే ఉన్నాను.

సైన్యంలో నర్సుగా చేసి బయటికొచ్చాక, మాజీ సైనికుల క్లినిక్‌లో ఏడాది కాంట్రాక్టు. నా దృష్టిలో అదీ పోస్టింగే. జూన్‌లో పలాస స్టేషన్‌లో దిగాను. నల్ల ట్రంకు, ఒక హోల్డాల్. ఉక్క. కార్డులు అప్పుడప్పుడే చేతికొస్తున్న రోజులు. క్లినిక్ అంటే రెండు గదులు, ఒక డాక్టరు, ఒక జీపు. జీపు నడిపేది రిటైరైన హవల్దారు.

రెండో వారం, ఉదయం ఎనిమిదికి, ఉద్దానం కొబ్బరితోటల్లోంచి సైన్యంలో నాయక్‌గా చేసి రిటైరైన ఒకతన్ని భార్య తీసుకొచ్చింది. మొహం ఉబ్బు, చేతుల వణుకు. నిన్నటి నుంచి చుక్క ముట్టలేదని అతనే చెప్పాడు.

"కిడ్నీ అని రాసీయండమ్మా. మావైపు అందరికీ అదే కదా," అంది భార్య.

రక్తపరీక్ష చేయించాం. కిడ్నీలు బాగున్నాయి.

"తాగుడని రాత్తే ఊర్లో తలెత్తుకోలేం," అందామె.

"కిడ్నీ అని రాస్తే కిడ్నీ వార్డులో పడేస్తారు. తాగుడు ఆగిన మనిషి, రేపటికి ఫిట్స్ వస్తాయి. ఎందుకొచ్చాయో వాళ్లకి తెలీదు. పరువు బతుకుతుంది, మొగుడు పోతాడు. ఏది కావాలో నువ్వే చెప్పు," అన్నాను.

గుమ్మంలోంచి హవల్దారు గొణిగాడు. "మరీ అంత కటువేటండీ, మేడమ్."

"మీరు జీపు చూసుకోండి."

నాయక్ తలెత్తాడు. "నువ్వు పల్లకోవే. రాసీయండి మేడమ్. మంచుకొండల మీద నిలబడినోణ్ణి, ఈ మాటకి సత్తానేటి?"

డాక్టరు తాగుడు మాన్పించే వైద్యానికే విశాఖ పంపుతూ రాశాడు. వెంటనే బయల్దేరాం. కోటబొమ్మాళి దగ్గర వాన. నిమ్మాడ దాటేసరికి అతని చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. భార్య చెయ్యి వదల్లేదు. విశాఖలో కార్డు చూసి చేర్చుకున్నారు. పైసా అడగలేదు. మాత్రలు అప్పుడే మొదలుపెట్టారు. ఫిట్స్ రాలేదు. ఆ రోజు నేను అరిచి గెలిచానంటే ఒప్పుకుంటాను.

నెల తర్వాత మా జీపులోనే అతన్ని ఇంటికి దింపాం. ఏడాది నిండగానే నేనూ పలాసలో రైలెక్కి ఇంటికొచ్చేశాను. అతన్ని దింపిన రోజు దృశ్యం ఒక్కటి మాత్రం వెంటే వచ్చింది.

నాయక్ పక్కింట్లో నిజంగానే కిడ్నీ రోగి. అరుగు నిండా చుట్టాలు, బత్తాయిలు, కొబ్బరి బొండాలు. ఈ అరుగు మీద నాయక్ ఒక్కడే. అంచుదాకా పోసిన టీ గ్లాసు. ఒలకకుండా తాగుతున్నాడు. చూడ్డానికి ఒక్కరూ లేరు.

ఆ పక్క అరుగు మీదున్నవాళ్లు ఈ గడప ఎందుకు తొక్కలేదు?