బీరువాలో వైఫై

వీధిలో అందరూ ఆవిణ్ణి టైపమ్మ అంటారు. పదిహేడేళ్లకే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మగపిల్లలందర్నీ వెనక్కి నెట్టిన వేళ్లు ఆవిడవి. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు అవే వేళ్లు అంట్లు తోమాయి. మొగుడు బస్సు నడుపుతాడు, తండ్రి ఎదుట కిక్కురుమనడు. ఇన్నాళ్లకు ఒక ఆసుపత్రివాళ్లు, డాక్టర్లు చెప్పింది విని ఇంట్లోంచే టైపు చేసే ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్క పరీక్ష నెగ్గితే చాలు.

ఇంటికి నాలుగు కొమ్ముల కొత్త రౌటరు వచ్చింది. మామగారు గిడ్డంగిలో ముప్పై ఏళ్లు తాళాలు వేసి రిటైరైన మనిషి. దాన్ని చూసి ముచ్చటపడి, గుడ్డ కప్పి, తన గదిలోని ఇనప బీరువాలో పెట్టి తాళం బిగించారు. వైరు కోసం వెనకాల కన్నం కూడా ఆయనే తొలిచారు. దుమ్ము పడదట, దొంగల భయముండదట! ఓరి దేవుడా, ఇనప పెట్టెలో కూర్చున్న సిగ్నల్ ఎక్కడికి పోతుంది?

పరీక్ష మధ్యలో రెండుసార్లు లైను తెగింది. ఆసుపత్రి సూపర్‌వైజరమ్మ ఫోన్లో మర్యాదగానే చెప్పింది. "రేపు పదింటికి ఇంకొక్కసారి చూద్దామండీ. అప్పుడూ తెగితే నేనేం చెయ్యలేను."

టైపమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సాయంత్రమంతా రౌటరుతో వచ్చిన కాగితాన్ని అక్షరం వదలకుండా చదివింది. పొద్దున్నే వెళ్లి మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, తాళంచెవి ఇవ్వండి. దాన్ని హాల్లో పెడతాను."

"ఎందుకూ? దాంట్లో రెండు వైఫైలు వస్తాయి. అయిదు అని ఉంటుంది, దానికి కలుపుకో. రెండు పాయింట్ నాలుగు కంటే అయిదు పెద్దది కాదూ? లెక్కలు రావా నీకు?"

"అయిదు వేగమే గానీ గోడలు దాటలేదు. నా గది పెరటివైపు, రెండు గోడల అవతల. రెండు పాయింట్ నాలుగైతే వస్తుంది. ఆ బీరువాలో ఉంటే ఏదీ రాదు."

"ఈ ఇంట్లో ఏది ఎక్కడుండాలో నాకు తెలుసు." పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ పేపరు అడ్డం పడగానే ఇరవై ఏళ్లుగా ఆవిడ వెనక్కి తిరిగిపోయేది. ఈసారి పోలేదు. ఆయన చూస్తుండగానే ఆయన దిండు కింద చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

"ఏయ్!" అన్నారాయన.

బీరువా తెరిచి, గుడ్డ లాగి పారేసి, పొడుగు వైరు గోడ వెంబడి తెచ్చి, హాలు మధ్యనున్న ఎత్తైన అరలో రౌటరును పెట్టింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి స్టూలు పట్టుకుంది. టైపమ్మ ఫోన్లో సెట్టింగుల పేజీ తెరిచి, అయిదుకు 'హాలు' అనీ, రెండోదానికి 'పెరటిగది' అనీ పేర్లు పెట్టింది. రెంటికీ పాస్‌వర్డు మార్చేసింది.

పదింటికి హెడ్‌ఫోన్లలో డాక్టరు గొంతు తేటగా వినబడింది. వేళ్లకు పాత పరుగు అందింది.

పదిన్నరకు గది తలుపు భళ్లున తెరుచుకుంది. "ఎవర్నడిగి తీశావు? పాస్‌వర్డేంటి?"

ఆవిడ తల తిప్పలేదు. "పనిలో ఉన్నాను మామయ్యా. పన్నెండింటికి రండి, చెప్తాను."

ఆ ఇంట్లో మామగారికి టైము చెప్పి రమ్మన్న మనిషి అంతవరకూ లేదు. ఆయన గడియారం వంక చూసి వెళ్లిపోయారు.

లైను ఒక్కసారీ తెగలేదు. "సోమవారం నుంచి మొదలుపెట్టండి" అంది సూపర్‌వైజరమ్మ.

సరిగ్గా పన్నెండింటికి తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"లోపలికి రావచ్చా అమ్మా?" అన్నారు మామగారు.